కొస వదిలిన ఎర్ర పెన్ను

మార్కండేయులు నా ముఖం మీద తలుపు వేయడం అది రెండోసారి. మొదటిసారి మర్యాదగా వెనక్కి తగ్గాను. రెండోసారి మాత్రం కాలు గడప మీదే ఉంచాను. తలుపు వచ్చి బొటనవేలికి కొట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి కాని కాలు తీయలేదు.

"కాలు తియ్యమ్మా," అన్నాడు లోపలినుంచి. "వేలు ఇరిగితే నా మీదికి రావొద్దు. దవాఖానకు పోదామన్నా బస్సుల్లెవ్వు."

"నడిచే వెళ్తాను లెండి. మీరు రెండు మాటలకు జవాబు చెప్పాక."

"ఆంధ్రోళ్లకు జవాబులు చెప్పి చెప్పి సాలైంది మాకు."

నాది తెనాలి. పేరు శేషారత్నం. కొత్తపేటలో ఇల్లు కట్టుకుని ఇరవై ఏళ్లయినా, నోరు విప్పితే ఊరు బయటపడిపోతుంది. సకల జనుల సమ్మె మొదలయ్యాక కర్మన్‌ఘాట్ దాటి అల్మాస్‌గూడ వైపు వస్తే, నా యాస వినగానే జనం ముఖాలు తిప్పేసుకుంటున్నారు. వాళ్ల కోపానికి కారణాలు ఉన్నాయి, వాటిలో చాలావరకు నేనూ ఒప్పుకుంటాను. కాని నా కోపానికీ ఒక కారణం ఉంది. తప్పు చేయని మనిషి జైల్లో కూర్చున్నాడు.

ఆ మనిషి సైదులు, ఆటో డ్రైవరు. బంద్ పిలుపిచ్చిన సోమవారం, ఇంకా తెల్లవారకముందు, అంతయ్య అనే వాచ్‌మన్ డ్యూటీ దిగి సైకిల్ మీద ఇంటికి పోతుంటే కర్మన్‌ఘాట్ మలుపులో ఏదో బండి గుద్దింది. పడి ఉన్నవాణ్ని చూసి సైదులే ఆటోలో వేసుకుని దవాఖానకు పరుగెత్తాడు. దారిలోనే ప్రాణం పోయింది. ఆటోకు రక్తం ఉంది. దాని బంపర్ ఎప్పటినుంచో వంగి ఉంది. పైగా వారం ముందు ఇద్దరూ కొట్లాడుకున్నారని ఒక సాక్షి సంతకం పెట్టాడు. ఇంకేం కావాలి? "తెల్ల కారు రివర్సుల ఒచ్చి గుద్దింది, దాని ఎనక లైటు పలిగి రోడ్డు మీద ఎర్ర ముక్కలు పడ్డయి" అని సైదులు మొత్తుకున్నాడు. పోలీసులు వెళ్లి చూసేసరికి రోడ్డు మీద ఒక్క ఎర్ర ముక్క లేదు.

బెయిలు విచారణ రేపే. సైదులు భార్య యాదలక్ష్మిని అప్పుడే కిరాయి గది ఖాళీ చేయమన్నారు. ఆమె నా దగ్గరకు వచ్చి ఏడవలేదు. "మా ఆయన ఆగి ఎత్తుకున్నందుకే పట్టుకున్రు మేడం. ఆగకపోతే ఇయాల ఇంట్ల ఉండేటోడు," అంది. ఆ మాట విన్న దగ్గరనుంచి నాకు నిద్ర లేదు.

డిటెక్టివ్ కాకముందు నేను మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్ని. లైటు పగిలాక ముక్కలు ఎటో పోవాలి. ఆ మలుపులో చెత్త ఏరుకునే మనిషిని పట్టుకున్నాను. వెలుతురు దూరే ప్లాస్టిక్ ఏది దొరికినా పాత సామాన్ల కొట్టుకు వేయనని, మార్కండేయులు ఇంటి ముందు పెట్టి పోతానని చెప్పాడు. అలాంటి ప్లాస్టిక్‌తో మార్కండేయులు సిరా పెన్నులు చేస్తాడట. ఇంకో సంగతి నాకు ముందే తెలుసు. సైదులు మీద సంతకం పెట్టిన సాక్షి కూడా ఈ మార్కండేయులే.

తలుపు తీసింది అతని భార్య లలితమ్మ. నా మీద ప్రేమతో కాదు.

"ఆడిమనిషి కాలు నలగ్గొడ్తవా ఏందయ్యా, జరుగు," అని భర్తను కసిరి, నా వైపు తిరిగింది. "నీళ్లు గూడ ఇయ్య నీకు. అడిగేది అడిగి పో. అంతయ్య మా ఇంట్ల మనిషోలె ఉండెటోడు. ఆయన్ని సంపినోని తరఫున ఒచ్చినవు నువ్వు."

"ఎవరు చంపారో తెలిశాక మాట్లాడుకుందాం అమ్మా."

ముందు గదే వర్క్‌షాపు. కరెంటు లేదు. సమ్మెతో బొగ్గు ఆగిపోయి, కోతలు గంటల తరబడి నడుస్తున్నాయి. మార్కండేయులుకు ఆ బాధ లేదు. పోచంపల్లి వైపు నేతవాళ్ల పిల్లవాడు. మగ్గం వదిలేసినా మగ్గం గుంట వదల్లేదు. లేత్ మిషను కింద గుంట తవ్వి, కాళ్లు అందులో పెట్టి, తొక్కుడు చెక్కలు తొక్కుతూ కూర్చుంటాడు. మోటారు ఆగినా చక్రం తిరుగుతుంది. నేను లోపలికి రాగానే నాకు వీపు పెట్టి కూర్చుని తొక్కడం మొదలుపెట్టాడు. తిరుగుతున్న పసుపు కడ్డీకి ఉలి ఆనించాడు.

"సోమవారం తర్వాత ఎర్ర ముక్కలేమైనా వచ్చాయా?"

"రాలే."

"అంతకుముందు?"

"ఎరుపు నాకు పడదు. అండ్ల సిరా కనవడది."

పక్కన బల్ల మీద పూర్తయిన పెన్నులున్నాయి. పసుపు, నీలం, సీసా ఆకుపచ్చ. ఒకటి తీసి చూశాను. ప్లాస్టిక్ ముక్కల్ని రూపాయి బిళ్లల్లా కోసి, ఒకదాని మీద ఒకటి అతికించి కడ్డీ చేసి, దాన్ని చెక్కి తొలిచినట్టున్నాడు. అతుకు ఎక్కడుందో కనిపించడం లేదు. నునుపుగా ఉంది, లోపల సిరా ఎంత ఉందో తెలిసిపోతోంది. కాని తోక చివర మాత్రం గరుకుగా, ఉలి తగలకుండా వదిలేసి ఉంది. ఇంకోటి తీశాను. దానికీ అంతే.

"ఇంత బాగా చేసి కొస ఎందుకిలా వదిలేశారు?"

నాతో మాట్లాడకూడదనే అనుకున్నాడు పాపం. పని గురించి అడిగితే ఉండబట్టలేకపోయాడు.

"చీర నేసినంక పడుగు కొస ఇడుస్తం. అంతా నేస్తే అది ఏ మగ్గం మీదికెల్లి దిగిందో ఏం ఎరుక? గిది గూడ గంతే. ఆఖరి బిళ్ల పైమొఖం నేను ఎన్నడు చెక్క. ఏ చెత్తలకెల్లి పుట్టిందో పెన్నుకు యాది ఉండాలె."

నా చేతిలోని పసుపు పెన్ను కొసన, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ కోచింగ్ సెంటర్ బోర్డుదో, నల్ల రంగు అక్షరం సగం ఉంది. పెన్ను అక్కడే పెట్టి, వంగి గుంటలోకి చూశాను.

"కాళ్లు తీయండి."

"ఏందీ?"

"గుంట చూడాలి."

"నా గుంటల చెయ్యి పెట్టెటందుకు నువ్వెవరు?" తొక్కడం ఆపలేదు.

మోకాళ్ల మీద కూర్చుని అతని కాళ్ల పక్కనుంచే చెయ్యి దించాను. తొక్కుడు చెక్క వచ్చి మణికట్టు మీద కొట్టింది. కావాలనే కొట్టాడని ఇప్పటికీ అనుకుంటాను. గుంటలో చెక్కిన పొట్టు పేరుకుని ఉంది. పైన పసుపు. దాని కింద వేళ్లకు తగిలినంత మేరా పిడికిలి పట్టి పైకి తీసి బల్ల మీద పోశాను. పసుపు పొట్టు కింద ఉన్నదంతా ఎరుపే.

"మీకు పడని ఎరుపు," అన్నాను.

"బోర్డుది."

"బోర్డు ముక్క చదునుగా ఉంటుంది. ఇది చూడండి." పొట్టులోంచి గోరంత ముక్క ఏరి అతని ముందు పెట్టాను. ఒకవైపు తేనెపట్టు లాంటి చిన్న చిన్న గదులున్నాయి. "ఇలాంటివి బండి వెనక లైటుకుంటాయి. పదకొండేళ్లు ఇవి చూసే జీతం తీసుకున్నాను."

చక్రం ఆగింది. మార్కండేయులు మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో భయం లేదు, అసహ్యమే ఉంది.

"అవ్. నేనే చెక్కిన. ఏం చేస్కుంటవో చేస్కో. బంద్ నాడు ఎల్బీనగర్ చౌరస్తాల మా పోరగాళ్లు కార్ల లైట్లు పలగ్గొట్టిన్రు. తప్పే, కాదంటలేను. కని గా ముక్కలు పట్టుకొని కేసులు పెడ్తె, సదువుకునేటోళ్ల బతుకులు ఆగమైతయి. నౌకర్లు రావు. అందుకే ముక్క లేకుంట జేసిన. గా పోరగాళ్ల పేర్లు నా నోట్లకెల్లి రావు, సంపినా రావు."

నాకు విషయం అప్పుడు అర్థమైంది. ఇతను అబద్ధం ఆడింది సైదులును ఇరికించడానికి కాదు.

"కేసులు పెడుతున్నారని మీకెవరు చెప్పారు?"

"నేనే చెప్పిన," అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

పట్టాభి. నేనూ అతనూ ఒకే ఆఫీసులో సర్వేయర్లుగా పనిచేశాం. బందరు మనిషి. ఇప్పుడు నాకంటే పెద్ద ఏజెన్సీ, ఏసీ గది, అద్దాల తలుపు. అంతయ్య భార్యకు పైసా తీసుకోకుండా న్యాయం చేయిస్తానని తిరుగుతున్నాడని విన్నాను. పైసా తీసుకోని పట్టాభిని నేను ఏనాడూ చూడలేదు.

"నమస్తే మార్కండన్నా. బాగున్నవా వదినె," అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగితే గొంతు మారిపోయింది. "ఏం రత్నంగారూ, ఎండన పడి వచ్చినట్టున్నారు. ఆ ఆటోవాడు మీ ఫీజు ఇచ్చుకోగలడంటారా?"

"బస్సులు లేవు, ఆటోలు లేవు. మీరెలా వచ్చారు పట్టాభిగారూ?"

"ఎలాగో వచ్చాం లెండి. జనంలో తిరిగేవాణ్ని, జనమే దారి చూపిస్తారు." మళ్లీ మార్కండేయులు వైపు తిరిగాడు. "అన్నా, గీమె మాటలు పట్టించుకోకు. ఎర్ర ముక్కలు దొరికితే పోరగాళ్లను జైలుకు పంపుతది, ఆటోవాణ్ని ఇడిపిచ్చుకుంటది. గందుకే ఒచ్చింది. గా మూడో పెన్ను ఇయ్యి, నేను పోతా. రెండు నిన్న తీస్కపోయిన గద."

మార్కండేయులు చెయ్యి తన చొక్కా జేబు మీదికి పోయింది.

"గిది ఉంచుకుందామనుకున్న," అన్నాడు నెమ్మదిగా. "అంతయ్య కేసుల దీంతోనే సంతకం పెట్టిన. నా దోస్తు కోసం రాసిన పెన్ను."

"పోలీసులు ఇండ్లు సోదా చేస్తున్రన్నా. నీ ఇంట్ల దొరికితే ఎట్ల?"

జేబులోంచి పెన్ను బయటికి తీశాడు. కిటికీ వెలుగులో అది దానిమ్మ గింజలా ఎర్రగా మెరిసింది. పట్టాభి చెయ్యి చాచాడు. ఆ పెన్ను ఆ చేతిలోకి వెళ్తే సైదులు జైల్లోనే ఉంటాడు. లాక్కునే బలం నాకు లేదు, లాక్కుంటే దానికి విలువా ఉండదు. నా దగ్గర మిగిలింది ఒకే ప్రశ్న.

"మార్కండేయులు గారూ, ఆ ఎర్ర ముక్కల సంచి ఎప్పుడొచ్చింది?"

"బంద్ నాడే. రోడ్డు మీద వంటావార్పు చేసి మేం పొద్దుమీకి ఇంటికొచ్చేసరికి వాకిట్ల ఉండె."

"అప్పుడు మీరు చూశారు. వచ్చింది ఎప్పుడు?"

"పోరగాళ్లు లైట్లు పలగ్గొట్టింది పగటీలి. దాని తర్వాతనే గద ఒస్తది. గింత ఎరుక లేదా నీకు?"

నేను లలితమ్మ వైపు తిరిగాను.

"అమ్మా, సంచి మీరు చూశారా?"

"వదినెను ఎందుకు గుంజుతవ్ దీంట్లకు," అన్నాడు పట్టాభి. "అన్నా, టైం అయితుంది."

"నేనే గద లోపటికి జరిపింది," అంది లలితమ్మ. "తెల్లారకముందు నల్లా ఒచ్చె. బిందెలు పెడ్తుంటే గా చెత్త ఏరేటాయన ఒచ్చి గేటు కాడ పెట్టిపోయిండు. సంచి తడుస్తదని నేనే గోడ పక్కకు జరిపిన."

మార్కండేయులు పెన్ను దించి భార్య వైపు తిరిగాడు.

"ఏ నల్లా?" అన్నాడు మార్కండేయులు. "ఏ నాడు?"

"బంద్ నాడు. నువ్వు పండుకునే ఉన్నవు. మీరు జెండాలు పట్టుకొని పోయింది చాయ తాగినంక గద."

"నాకెందుకు చెప్పలే?"

"సంచి ఎన్నింటికి ఒచ్చిందని నువ్వెన్నడు అడిగినవు? దినాం ఒస్తనే ఉంటయి."

ఆవిడ తప్పేం లేదు. ఆ మాట అతనికీ తెలుసు.

"పగటిపూట పగిలిన లైటు తెల్లవారకముందే మీ గేటు దగ్గరకు రాదు," అన్నాను. నా గొంతులో కటువు తగ్గించుకోవాలని చూశాను, కాని అలవాటైన గొంతు లొంగలేదు. "ఆ వేళకు పగిలింది ఒకే లైటు. కర్మన్‌ఘాట్ మలుపులో. మీరు కాపాడింది పోరగాళ్లను కాదు."

మార్కండేయులు ఎర్ర పొట్టు వైపు చూశాడు. తన స్నేహితుణ్ని చంపిన బండి ఆనవాలు తన చేతులతోనే చెక్కి గుంటలో పోశాడు. మిగిలినదానితో, ఆగి ఎత్తుకున్నవాడి మీద సంతకం పెట్టాడు. ఆ గదిలోకి వచ్చాక నాకు అతని మీద జాలి కలగడం అదే మొదటిసారి. ఆ సంతకం రేపు అతనే వెనక్కి తీసుకోవాలి. అదెంత కష్టమో కూడా నాకు తెలుసు.

"అన్నా, ఆడోళ్లకు టైములు యాదుంటయా," అంటూ పట్టాభి ముందుకు వచ్చాడు. మార్కండేయులు పిడికిలి మూసుకుంది. "ఇటివ్వవయ్యా ముందు," అన్నాడు పట్టాభి. కంగారులో బందరు భాషే వచ్చేసింది.

మార్కండేయులు ఒక్కడుగు వెనక్కి వేసి, పెన్ను తోక కిటికీ వైపు తిప్పాడు. గరుకుగా వదిలిన కొస బిళ్ల మీద సన్నటి గీతలున్నాయి. చెక్కేటప్పుడు అవి గీతలనే అనుకుని ఉంటాడు. ఇప్పుడు వేలితో తుడిచి చూశాడు.

"నాలుగు," అన్నాడు. "ఏడు."

"దొంగలు లైట్లు ఊడదీసుకుపోతారని బండి నంబరు లైట్ల మీద చెక్కిస్తారు," అన్నాను. "ముందు అంకెలు నిన్న ఈయన తీసుకెళ్లిన పెన్నుల కొసలకు ఉండి ఉంటాయి. కొస వదలడం మీ అలవాటని ఈయనకు తెలియదు. పొట్టు పొట్టు అయిపోయిందని నిశ్చింతగా ఉన్నాడు. పెన్నులు ఇంటికి పట్టుకెళ్లి చూసుకుని గుండె జారి, మూడోదాని కోసం ఇవాళ పరుగెత్తుకొచ్చాడు."

పట్టాభి నవ్వాడు. ఆ నవ్వు కళ్ల దాకా రాలేదు.

"హైదరాబాద్‌లో నలభై ఏడుతో ముగిసే కార్లు ఎన్నో ఉంటాయి రత్నంగారూ. ఇది పట్టుకుని కోర్టుకెళ్లండి. కడుపుబ్బ నవ్వుకుంటారు."

"నవ్వనివ్వండి. ఎలా వచ్చారో మీరింకా చెప్పలేదు."

వెనక్కి తిరిగి బయటికి నడిచాడు. నడక మామూలుగానే ఉంది, గేటు దాటాక వేగం పెరిగింది. అంతవరకు నేను అతన్ని ఎవరో డబ్బున్నవాడి తరఫున తిరుగుతున్న మనిషనే అనుకున్నాను. తన కోసం తానే తిరుగుతున్నాడని తట్టనే లేదు.

మార్కండేయులు చెప్పులు కూడా వేసుకోకుండా అతని వెనకే వెళ్లాడు. నేను కుంటుకుంటూ వెళ్లేసరికి ఇద్దరూ గోడ దగ్గర ఉన్నారు. సందు అక్కడితో ఆగిపోతుంది. తెల్ల కారు గోడకు ముక్కు ఆనించి నిలబడి ఉంది. బయటికి రావాలంటే రివర్సులోనే రావాలి. పట్టాభి లోపల కూర్చుని తలుపు వేసుకున్నాడు.

నంబరు ప్లేటు మీద ఏపీ అన్నచోట టీజీ అని స్టిక్కర్ అతికించాడు. అంకెలు మాత్రం మార్చలేకపోయాడు. చివర నలభై ఏడే. కుడివైపు లైటు పాతది, దుమ్ము పట్టి ఉంది, దాని మీద అదే నంబరు సన్నగా చెక్కి ఉంది. ఎడమవైపు లైటు కొత్తది. దాని మీద ఏమీ లేదు.

మార్కండేయులు కారు వెనక వంగి, పెన్ను కొసను పాత లైటు పక్కన ఆనించాడు. రెండుచోట్లా నాలుగు అంకెకు తల తెరిచే ఉంది. ఒకే చెయ్యి చెక్కింది.

"అంతయ్య సైకిల్‌కు ఎనక ఎర్ర బిళ్ల లేదని దినాం తిట్టేటోణ్ని," అన్నాడు, నాతోనో, ఆ లైటుతోనో. "మంచి ముక్క దొరికితే చేసిస్త అంటిని."

ఇంజను మొదలైంది. వెనక లైట్లు రెండూ ఎర్రగా వెలిగాయి.

"పక్కకు రండి," అన్నాను. "మార్కండేయులు గారూ, పెన్ను ఉంది మన దగ్గర, చాలు. రండి ఇటు."

సందు కారుకు సరిపోయినంతే ఉంది. అటూ ఇటూ గోడలే. వెనకనుంచి లలితమ్మ పిలుస్తోంది. మార్కండేయులు కదలలేదు. లేచి నిలబడి, డిక్కీ మీద ఒక చెయ్యి ఆనించి, వెనక అద్దంలోంచి పట్టాభి కళ్లలోకి చూస్తున్నాడు. రెండో చేతిలో పెన్ను ఉంది.

నేను అతని చొక్కా పట్టుకునేలోపే, రివర్సు గేరు పడి, ఎర్ర లైట్ల పక్కన తెల్ల లైటు వెలిగింది.